త్రూహె, వచ్చిండు: భూతకాలం కథ

స్పానిష్ మొదలుపెట్టి మధ్యలో ఆపేసినవాళ్ళని అడిగి చూడండి, ఎక్కడ ఆపారో. నాకు తెలిసినవాళ్ళంతా ఒకటే చోటు చెప్పారు: భూతకాలం. వర్తమానం వరకు బండి బాగానే నడుస్తుంది. ఆ తర్వాత పాఠం తెరిస్తే ఒక్కో క్రియకి ఆరేసి రూపాలు, అలాంటి వరసలు మూడు నాలుగు. వాటికి తోడు "ఈ క్రియలకి నియమాలు వర్తించవు, బట్టీ పట్టండి" అంటూ ఒక పెద్ద పట్టిక.

మా ప్రాజెక్టులో సగం టీం మెక్సికోలోని గ్వాదలహారాలో ఉంది. మన రాత్రి వాళ్ళ పొద్దున. రెండేళ్ళుగా వాళ్ళ పుణ్యమా అని నేనూ ఈ పట్టికతో కుస్తీ పడుతున్నాను. బట్టీ పట్టడం నా వల్ల కాదు కాబట్టి, అసలిది ఇలా ఎందుకు తయారైందో చదవడం మొదలుపెట్టాను. చదివిన కొద్దీ అర్థమైందేంటంటే, ఆ పట్టిక చెత్తకుప్ప కాదు. రెండు వేల ఏళ్ళ కమిట్ హిస్టరీ. ఎవరెవరు ఏమేం మార్చారో, ఎవరి మార్పుని అందరూ ఒప్పుకున్నారో, ఎవరి మార్పుని చూసి నవ్వారో అన్నీ అందులో ఉన్నాయి. ఈ టపా దాని గురించే. వ్యాకరణం క్లాసు కాదులెండి, భయపడకండి :)

ముందుగా ఒక మాట. స్పానిష్ మాటల్ని తెలుగు లిపిలో రాస్తున్నాను కాబట్టి, దీర్ఘం ఉన్నచోట వాళ్ళు నొక్కి పలుకుతారని అనుకోండి. ఇది ఎందుకు ముఖ్యమో ఇప్పుడే తెలుస్తుంది.

'కంతార్' అంటే పాడటం. 'కాంతొ' అంటే పాడతాను. 'కంతో' అంటే పాడాడు. రాతలో తేడా ఆ చివరి అక్షరం మీద ఒక చిన్న గీత, అంతే. నొక్కు మొదటి అక్షరం నుంచి చివరికి జరిగితే వర్తమానం భూతం అవుతోంది, 'నేను' కాస్తా 'అతను' అవుతున్నాడు. ఇంత పెద్ద బరువుని ఒక చిన్న గీత మీద ఎవరు పెట్టారు?

ఎవరూ పెట్టలేదు. అది అరిగిపోగా మిగిలింది. రోమన్లు స్పెయిన్ లో అడుగుపెట్టింది క్రీ.పూ. 218లో. దేశం మొత్తం చేతికి రావడానికి క్రీ.పూ. 19 దాకా పట్టింది. వాళ్ళ లాటిన్ లో పాడాను అంటే 'కంతావి', పాడాడు అంటే 'కంతావిట్'. పుస్తకాల్లో అంతే. కానీ సిపాయిలు, వ్యాపారులు, వంటవాళ్ళు అంత ఓపిగ్గా మాట్లాడరు కదా. మధ్యలో ఉన్న 'వి' ని మింగేశారు. క్రీ.శ. 79లో అగ్నిపర్వతం బూడిద కింద పడిన పాంపే నగరం గోడల మీది పిచ్చిరాతల్లోనే ఇలాంటి పొట్టి రూపం కనిపిస్తుంది. 'కంతావి' కాస్తా 'కంతాయి', 'కంతావిట్' కాస్తా 'కంతాఉట్' అయ్యాయన్నమాట. తర్వాత స్పెయిన్ నేల మీద 'ఆయి' అన్న ధ్వని 'ఏ' గానూ, 'ఆఉ' అన్నది 'ఓ' గానూ మారాయి. (లాటిన్ లో ఎద్దు 'తౌరుస్', స్పానిష్ లో 'తోరొ'. అదే సూత్రం.) అలా వచ్చినవే కంతే, కంతో. మధ్య అక్షరం పోయింది కానీ నొక్కు మాత్రం తన చోటు వదల్లేదు. ఈరోజు అక్షరం మీద పెట్టే ఆ గీత రెండు వేల ఏళ్ళ కిందట మింగేసిన అక్షరానికి సమాధిరాయి లాంటిది.

పుస్తకం లాటిన్ తెలిసినవాళ్ళు ఇదంతా చూస్తూ ఊరుకోలేదు. రోమన్ కాలం చివర్లో ఎవరో గురువుగారు 227 మాటలతో ఒక జాబితా తయారుచేశారు. 'ఇలా అనాలి, అలా అనకూడదు' అన్నది దాని వరస. అప్పెండిక్స్ ప్రోబి అంటారు దాన్ని. కోడ్ రివ్యూ కామెంట్లు అనుకోండి. చెవిని 'ఔరిస్' అనాలి, 'ఒరిక్ల' అనకూడదట. అద్దాన్ని 'స్పెక్యులుం' అనాలి, 'స్పెక్లుం' అనకూడదట. మరి ఇప్పటి స్పానిష్ లో చెవి 'ఒరేహ', అద్దం 'ఎస్పేహొ'. రెండూ ఆయన కొట్టేసిన మాటల నుంచే వచ్చాయి. ఆయన ఒప్పు అన్నది పుస్తకంలో మిగిలింది, తప్పు అన్నది దేశాలకి దేశాలు మాట్లాడుకునే భాష అయింది.

ఇక నన్ను బాగా ఏడిపించిన క్రియ దగ్గరకి వద్దాం. 'ఫుయి' అంటే 'నేను వెళ్ళాను'. 'ఫుయి' అంటే 'నేను ఉన్నాను' అని కూడా. ఒకే రూపం, రెండు క్రియలు. వెళ్ళడానికీ ఉండడానికీ ఏమిటి సంబంధం? లాటిన్ లో 'ఉండు' క్రియకి భూతకాలం 'ఫుయి'. 'వెళ్ళు' క్రియకి భూతకాలం వేరే ఉండేది కానీ అది మరీ పొట్టిది, పలికితే గాలిలో కలిసిపోయేంత. అందుకని జనం 'అక్కడున్నాను' అన్న మాటతోనే 'అక్కడికి వెళ్ళాను' అని కూడా చెప్పడం మొదలుపెట్టారు. మనమూ "నిన్న విజయవాడలో ఉన్నా" అంటాం, వెళ్ళొచ్చానని వేరే చెప్పం. అలాంటిదే.

ఇందులో మనకో చిన్న ఆశ్చర్యం ఉంది. ఆ 'ఫుయి' లోని మూలం, సంస్కృతంలోని 'భూ' ధాతువు ఒకటే. ఇండో-యూరోపియన్ కుటుంబంలో ఒకే వేరు. భవిష్యత్తు, భావం, భూతం అన్నీ దాని పిల్లలే. మనం 'భూతకాలం' అంటున్నప్పుడు అందులో ఉన్న 'భూత', మెక్సికో వాడు 'నిన్న వెళ్ళాను' అంటున్నప్పుడు వచ్చే 'ఫుయి', రెండూ చాలా దూరపు చుట్టాలు. తెలుగు ద్రావిడ భాషే అయినా పేరు మాత్రం సంస్కృతం నుంచి తెచ్చుకున్నాం కాబట్టి ఈ చుట్టరికం మనకీ అంటింది. ఇది తెలిశాక నేను ఫుయిని మళ్ళీ మర్చిపోలేదు.

రెండో రకం భూతకాలం 'కంతాబ'. ఇంగ్లీషు ద్వారా స్పానిష్ నేర్చుకునేవాళ్ళు కంతో, కంతాబ మధ్య తేడా తెలీక జుట్టు పీక్కుంటారు. మనకి అంత అవసరం లేదు. "మా తాత బుర్రకథ చెప్పాడు" అంటే ఒక రోజు, ఒక పని, అయిపోయింది. "మా తాత బుర్రకథ చెప్పేవాడు" అంటే అది ఆయన జీవితం. మొదటిది కంతో, రెండోది కంతాబ. (మనకి 'అప్పుడు చెప్తూ ఉన్నాడు' అనేది వేరే ఉంది, వాళ్ళకి దానికీ కంతాబే సరిపోతుంది.) కాబట్టి స్పానిష్ నేర్చుకుంటే నేరుగా తెలుగులోంచి నేర్చుకోండి, మధ్యలో ఇంగ్లీషు టోల్ గేట్ దండగ.

ఈ కంతాబ లాటిన్ 'కంతాబం' నుంచి దాదాపు చెక్కు చెదరకుండా వచ్చింది. మిగతా క్రియల్లో ఆ 'బ' కూడా రాలిపోయి 'తెనీయ' (ఉండేది), 'అబీయ' లాంటివి మిగిలాయి. ఈ రకంలో మొత్తం భాషకి నియమం తప్పే క్రియలు మూడంటే మూడే: ఉండు, వెళ్ళు, చూడు. మూడూ రోజూ వాడేవే, గమనించండి. మళ్ళీ వస్తాను ఈ విషయానికి.

మూడో రకం 'ఎ కంతాదొ'. మనం 'పాడి ఉన్నాను' అంటామే, కొంచెం అలాంటిది. దీని పుట్టుక బావుంటుంది. 'అబేర్' అన్న క్రియకి లాటిన్ లో అర్థం 'నా దగ్గర ఉంది' అని. "రాసిన ఉత్తరం నా దగ్గర ఉంది" అనేవాళ్ళు. ఉత్తరం ఉంది, అది రాసి ఉంది. రాసింది నేనే అయ్యుంటాను కదా! అలా మెల్లగా 'నా దగ్గర ఉంది' అన్న అర్థం పోయి 'రాశాను' అన్న అర్థం మిగిలింది. మధ్యయుగపు స్పానిష్ లో ఇంకా ఆ పాత వాసన ఉండేది. ఉత్తరాలు ఎక్కువైతే 'రాసిన' అన్న మాటకి కూడా బహువచనం పెట్టేవాళ్ళు. తర్వాత అదీ పోయింది. ఇవాళ అబేర్ కి సొంత ఆస్తి ఏమీ లేదు. కలిగి ఉండటం అన్న పనంతా 'తెనేర్' తీసేసుకుంది, పాపం అబేర్ మిగతా క్రియలకి సహాయం చేస్తూ బతుకుతోంది.

ఇక్కడే స్పెయిన్ కీ అమెరికా ఖండానికీ దారి చీలింది. ఇవాళ పొద్దున జరిగిన పని గురించి మాడ్రిడ్ వాడు 'ఎ కొమీదొ' (తిని ఉన్నాను) అంటాడు. మా గ్వాదలహారా వాళ్ళు ఐదు నిమిషాల కిందట తిన్నా 'కొమీ' (తిన్నాను) అనే అంటారు. మెక్సికోలో 'ఎ' రూపం వాడితే ఆ పని ఇంకా సాగుతోందనో, మళ్ళీ మళ్ళీ జరుగుతోందనో అర్థం వస్తుంది. స్టాండప్ కాల్ లో ఈ తేడా పనికొస్తుంది, బగ్ అయిపోయిందా ఇంకా ఉందా అన్నది తేలిపోతుంది.

అమెరికాకి వెళ్ళిన భాష అక్కడి జనం దగ్గర కూడా నేర్చుకుంది. 1532లో స్పెయిన్ వాళ్ళు ఇంకా రాజ్యం మీద పడ్డారు. అక్కడివాళ్ళ భాష కెచువా. అందులో కళ్ళారా చూసిన గతానికి ఒక ప్రత్యయం, చూడకుండా తెలుసుకున్న గతానికి ఇంకో ప్రత్యయం ఉంటాయి. వాళ్ళ పిల్లలు స్పానిష్ మాట్లాడాల్సి వచ్చినప్పుడు ఆ తేడాని వదులుకోలేదు. ఇప్పటికీ పెరూ, బొలీవియా కొండ ప్రాంతాల్లో, చూసినదానికి మామూలు భూతకాలమూ, విన్నదానికి లేదా అప్పుడే తెలిసి ఆశ్చర్యపోయినదానికి 'అబీయ' తో చేసే భూతకాలమూ వాడతారు. మాడ్రిడ్ వాడికి ఇది వింతగా ఉంటుంది. మనకేం వింత? 'వచ్చాడు' వేరు, 'వచ్చాడట' వేరు. కోర్టులో సాక్షికి అడిగే మొదటి ప్రశ్నే అది.

సరే, ఇప్పుడు ఆ బట్టీ పట్టే పట్టిక. తూబె (నా దగ్గర ఉండింది), ఎస్తూబె (ఉన్నాను), అందూబె (నడిచాను). ముగ్గురూ ఒకే అచ్చులో పోసినట్టు లేరూ? లాటిన్ లో వీటికి ఒకదానితో ఒకదానికి పోలికే లేదు. జరిగిందేమిటంటే, అబేర్ కి భూతకాలం పాత స్పానిష్ లో 'ఓవె' అయింది. అది అందరి నోళ్ళలో రోజూ నలిగే క్రియ. దాన్ని చూసి తెనేర్ 'తోవె' అంది, ఎస్తార్ 'ఎస్తోవె' అంది, చివరికి అందార్ కూడా 'అందోవె' అంది. తర్వాత 'ఓ' లు 'ఊ' లయ్యాయి. పచ్చి కాపీ పేస్ట్ :) ఇందులో తమాషా ఏంటంటే, ఇవాళ స్పెయిన్ లో ఎవరైనా నోరు జారి నియమం ప్రకారం 'అందే' అంటే చదువుకున్నవాళ్ళు వెంటనే సరిదిద్దుతారు. ఒకప్పుడు కాపీ కొట్టిన రూపం ఇప్పుడు పరీక్షలో ఒప్పు, నియమం పాటించిన రూపం తప్పు.

ఇలాంటి పాత రూపాలు ఎందుకు బతికాయి అంటే, రోజూ వాడతారు కాబట్టి. ఉండు, వెళ్ళు, చెప్పు, చెయ్యి, తెలుసు, ఇవ్వు లాంటివి పిల్లలు నియమాలు తెలుసుకునే ముందే వేలసార్లు వింటారు. వాటిని మార్చే అవకాశం ఎవరికీ రాదు. ఏడాదికోసారి వాడే క్రియకి పాత రూపం ఎవరికి గుర్తుంటుంది? దానికి మామూలు ప్రత్యయం తగిలించేస్తారు. ప్రొడక్షన్ లో నిమిషానికి వెయ్యిసార్లు నడిచే పాత కోడ్ ని ఎవరూ ముట్టుకోరు, మూల పడ్డ మాడ్యూల్ ని మాత్రం తిరగరాస్తారు. అందుకే కొత్తగా పుట్టే క్రియలన్నీ బుద్ధిగా ఉంటాయి. ఫార్మాట్ చెయ్యడం 'ఫోర్మాతెయార్', రీసెట్ చెయ్యడం 'రెసెతెయార్'. వీటి భూతకాలం కంతార్ దారిలోనే నడుస్తుంది, ఒక్క అక్షరం కూడా పక్కకి పోదు.

ఇంతవరకు అంతా సరదాగానే ఉంది. ఇప్పుడు నాకు గుచ్చుకున్న విషయం చెప్తాను.

'తెచ్చాను' అనడానికి పుస్తకంలో ఉన్నది 'త్రాహె'. ఒకసారి కాల్ లో మా మెక్సికన్ సహోద్యోగి, వాళ్ళ నాయనమ్మ 'త్రూహె' అనేదని నవ్వుతూ చెప్పాడు. పల్లెటూరి మాటట. బళ్ళో అంటే టీచర్లు ఒప్పుకోరట. మెక్సికో పల్లెల్లో ఇప్పటికీ వినపడుతుందట కానీ, ఉద్యోగం ఇంటర్వ్యూలో అంటే మాత్రం పని అయిపోయినట్టే అన్నాడు.

నేను వెతికితే దొరికింది ఇదీ. హువాన్ దె వాల్దెస్ అని 16వ శతాబ్దపు పండితుడు. 1535 ప్రాంతంలో తన భాష గురించి సంభాషణ రూపంలో ఒక పుస్తకం రాశాడు. అది అచ్చయింది మాత్రం 1737లో. అందులో ఆయన్ని అడుగుతారు, వేరేవాళ్ళు 'త్రాషొ' అని రాస్తుంటే మీరు 'త్రూషొ' అని ఎందుకు రాస్తారూ అని. (ఇప్పటి 'హ' అప్పట్లో 'ష'. మెహికో కూడా ఒకప్పుడు మెషికోనే.) దానికి ఆయన జవాబు, అది పలకడానికి మెత్తగా ఉంటుందనీ, తను పుట్టినప్పటి నుంచీ అలాగే పలుకుతున్నాననీ. అంతే. పుట్టినప్పటి నుంచీ పలుకుతున్నానన్నది ఆయన దృష్టిలో చాలినంత కారణం. 1605లో వచ్చిన దోన్ కిహోతెలో సెర్వాంతెస్ కూడా ఈ 'ఊ' రూపాలు రాశాడు. అంటే సదరు నాయనమ్మ తప్పు మాట్లాడలేదు. సెర్వాంతెస్ మాట్లాడిన భాషని ఓడల్లో తెచ్చుకుని, పల్లెలో భద్రంగా దాచుకున్నారు ఆమె పూర్వీకులు. ఈలోగా పట్నంలో ఫ్యాషన్ మారింది.

ఇంకోటి. 'నువ్వు పాడావు' అంటే 'కంతాస్తె'. మిగతా కాలాలన్నిటిలో 'నువ్వు' రూపం 'స్' తో ముగుస్తుంది, ఇందులో ఒక్కదాంట్లోనే లేదు. అందుకని స్పెయిన్ లోనూ అమెరికాలోనూ లక్షలమంది 'కంతాస్తెస్' అంటారు. చదువురానివాళ్ళ మాటగా లెక్క అది. మరి 'మీరంతా పాడారు' అనడానికి స్పెయిన్ లో ఒప్పయిన రూపం 'కంతాస్తెయిస్'. దాని అసలు రూపం 'కంతాస్తెస్', లాటిన్ నుంచి నేరుగా వచ్చింది. మిగతా కాలాల్లో 'మీరు' రూపాలకి 'ఎయిస్' ఉంది కదా అని 17వ శతాబ్దంలో దీనికీ తగిలించారు. రెండు చోట్లా జనం చేసింది ఒకటే పని, పక్కవాటిని చూసి సరిచేసుకోవడం. ఒకటి వ్యాకరణంలోకి ఎక్కింది, ఇంకోటి వెక్కిరింతల్లోకి ఎక్కింది. భాషాశాస్త్రం దృష్టిలో వాటి మధ్య తేడా లేదు. తేడా అంతా ఎవరు అన్నారు, ఎప్పుడు అన్నారు అన్నదే.

నాకిది గుచ్చుకోవడానికి కారణం ఊహించే ఉంటారు. నాది కరీంనగర్ వైపు. ఇంజినీరింగ్ హాస్టల్లో "మా బాపు ఫోన్ జేసిండు" అంటే గది గదంతా నవ్వేది. నవ్వినవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు, వాళ్ళలో ఇద్దరు ఇప్పటికీ నా ప్రాణస్నేహితులు. కానీ మొదటి సెమిస్టర్ అయ్యేసరికి నా నోట్లో 'చేశాడు' స్థిరపడింది. ఇప్పుడు ఆఫీసులో చేశాడు, ఇంటికి ఫోన్ చేస్తే జేసిండు.

ఆ మాటల్ని పక్కపక్కన పెట్టి చూడండి. రాయలసీమలో వచ్చినాడు, తెలంగాణలో వచ్చిండు, కోస్తాలో వచ్చాడు. మూడింటి వెనకా ఉన్నది 'వచ్చిన' అన్న ఒకే మాట. సీమలో ఆ 'న' అలాగే నిలబడింది. మా దగ్గర సున్నగా మిగిలింది. కోస్తాలో పూర్తిగా కరిగిపోయింది. కంతావిట్ లో 'వి' మింగేసి కంతో చేసినట్టే, వచ్చినాడులో 'న' మింగేసి వచ్చాడు చేశారు. ఎక్కువ అరిగింది ఏదయ్యా అంటే వచ్చాడే! అరగడం తప్పని నేను అనట్లేదు. అది తప్పయితే స్పానిష్ అన్న భాషే లేదు.

20వ శతాబ్దం మొదట్లో గిడుగు రామమూర్తి గారు పండితులతో పోరాడింది కూడా దీనికోసమే. జనం వాడే మాట రాతలోకి రావాలని. వచ్చింది. కాకపోతే వచ్చిన వాడుక భాషలో ఎక్కువ పాలు కృష్ణా గోదావరి జిల్లాల చదువుకున్నవాళ్ళది. వాళ్ళకి బళ్ళు, పత్రికలు, అచ్చుయంత్రాలు ముందు దొరికాయి. 'వచ్చాడు' గెలిచింది అందుకే తప్ప, అందులో ఎక్కువ వ్యాకరణం ఉండి కాదు. చాలాకాలం మన సినిమాల్లో 'వచ్చిండు' అనేవాడు రౌడీ అయినా కావాలి, కమెడియన్ అయినా కావాలి. 2017లో ఫిదా, 2023లో బలగం లాంటివి వచ్చాక అది కొంత మారింది. మాటేం మారలేదు, వినేవాళ్ళు మారారు.

ప్రమాణ భాష వద్దని కాదు నేను చెప్పేది. పరీక్షలో నేను త్రాహె అనే రాస్తాను, ఈ టపా కూడా 'చేశాడు' తెలుగులోనే రాశాను. పదిమందికీ ఒకేలా అర్థం కావాలంటే ఏదో ఒక రూపం మీద ఒప్పందం ఉండాలి, మన కోడింగ్ స్టాండర్డ్స్ లాగా. ట్యాబ్ వాడాలా స్పేస్ వాడాలా అన్నది ఒప్పందమే. స్పేస్ వాడేవాడు తెలివైనవాడూ, ట్యాబ్ వాడేవాడు మొద్దూ అని ఎవరైనా అంటే నవ్వుతాం. (సరే, కొందరు నిజంగానే అంటారు :)) భాష దగ్గరకి వచ్చేసరికి మాత్రం ఆ మాటనే మనం సీరియస్ గా నమ్ముతాం. ఉద్యోగాలు, మార్కులు, పెళ్ళిసంబంధాలు కూడా దాని మీద నడిపిస్తాం.

మా సహోద్యోగికి వాల్దెస్ సంగతి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత, వాళ్ళ నాయనమ్మకి ఎనభై దాటాయనీ, ఈ ఆదివారం వెళ్ళినప్పుడు ఆవిడకి చెప్తాననీ అన్నాడు.